నెలలు మాయమైన గురువారం

గురువారం పొద్దున ఆరున్నరకి సొలాంజ్ బెర్తోమియే వంటింటి బల్ల ముందు కూర్చుని, గిన్నెడు కాఫీలో రొట్టె ముంచుకు తింటూ, ఆ రోజు జరగవలసిన కార్యక్రమాన్ని నాలుగోసారి చదువుకుంది. పది గంటలకి మఠం గేటు దగ్గర ఇన్‌స్పెక్టరుకి స్వాగతం. పదకొండు దాకా మఠం. పదకొండు నుంచి పన్నెండున్నర దాకా ఊళ్ళో పన్నెండు ఇళ్ళు, ఇంటికి ఏడున్నర నిమిషాల చొప్పున. ఆపైన మిరెయ్ కెఫేలో భోజనం. ముప్ఫై ఆరేళ్ళు ఇదే ఊరి బడిలో పాఠాలు చెప్పిన మనిషి కాబట్టి ఆవిడ లెక్కలో అర నిమిషం కూడా వృథా పోదు.

వచ్చేది పురావస్తు శాఖ ఇన్‌స్పెక్టరు. ఆ రాక మీదే మఠం బతుకు ఆధారపడి ఉంది. సభామందిరం పైకప్పులో ఆ వసంతంలో చెయ్యి దూరేంత పగులు కనిపించింది. రక్షిత కట్టడంగా గుర్తిస్తే ప్రభుత్వమే బాగుచేయిస్తుంది, గుర్తించకపోతే ప్రమాదకరమని చుట్టూ ఇనుప కంచె వేసి తాళంచెవి జిల్లా కార్యాలయానికి పట్టుకుపోతామని ఉత్తరం వచ్చింది. ఆ తాళంచెవి ఇరవై రెండేళ్ళుగా సొలాంజ్ ఎప్రన్ జేబులో ఉంది. రోజూ తొమ్మిదింటికి గేటు తెరవడం, ఆరింటికి మూయడం, మధ్యలో వచ్చినవాళ్ళకి అడిగినా అడగకపోయినా చరిత్ర చెప్పడం ఆవిడ పని. చెప్పేటప్పుడు సన్యాసులేదో పొలానికి వెళ్ళారు, ఇప్పుడే వచ్చేస్తారన్నట్టు చెబుతుంది. వాళ్ళు వెళ్ళిపోయి రెండు వందల ఏళ్ళు దాటిందంటే ఒప్పుకోవడానికి ఆవిడకి మనసు రాదు.

చిక్కేమిటంటే మఠంలో మిగిలింది తక్కువ. నాలుగు గోడలు, సగం మందిరం, మెట్ల వరస ఒకటి. మిగతాదంతా ఊళ్ళో ఉంది. ఫ్రెంచి విప్లవం రోజుల్లో సన్యాసుల్ని వెళ్ళగొట్టి, మఠాన్ని ఎవరో రాళ్ళ వ్యాపారికి అమ్మేశారు. ఆయన దాన్ని కాల్చి సున్నం చేసేలోపల మా ఎస్త్రెలాక్ ఊరి జనం బళ్ళు కట్టుకుని వెళ్ళి చేతికందినది ఇంటికి తెచ్చుకున్నారు. మా పెద్దవాళ్ళని దొంగలంటే నేను ఒప్పుకోను. కాస్త తొందరపడ్డ వారసులు, అంతే.

వాళ్ళు తెచ్చినవాటిలో గొప్పవి నెలరాళ్ళు. మఠం వసారాలో పన్నెండు స్తంభాలు ఉండేవి. ఒక్కో స్తంభం నెత్తిన ఒక్కో నెల చెక్కి ఉండేది. జనవరి అంటే విందు చేసుకుంటున్న మనిషి. ఫిబ్రవరి మంట దగ్గర కాళ్ళు చాపుకున్నవాడు. జూన్ గడ్డి కోసేవాడు, అక్టోబరు విత్తనాలు చల్లేవాడు, డిసెంబరు పందిని కోసేవాడు. ఎవరు చెక్కారో పేరు తెలియదు గానీ, ఫిబ్రవరి మనిషి కాలి బొటనవేలు వేడికి ముడుచుకున్నట్టు చెక్కినవాడికి చేతులెత్తి మొక్కాలి. ఆ పన్నెండు రాళ్ళూ పన్నెండు ఇళ్ళకి చేరాయి. ఒకరికి గుమ్మం పక్కన అరుగైంది, ఒకరికి బావి మీద దిమ్మైంది, మిరెయ్ కెఫే తలుపు మీది గూట్లో జనవరి కూర్చుంది. ఇప్పటికీ మా ఊళ్ళో ఇంటిపేర్లతో పనిలేదు. ఫలానా పిల్ల మార్చివాళ్ళది, కోడలు ఆగస్టువాళ్ళది అంటే చాలు.

మఠం కూలిపోలేదు, ఊరంతా సర్దుకుని కూర్చుంది, అన్నది సొలాంజ్ వాదన. వరసగా పన్నెండు నెలలూ చూపిస్తే ఏ ఇన్‌స్పెక్టరైనా కరిగి తీరాలి. పన్నెండిళ్ళవాళ్ళూ సరేనన్నారు కూడా.

అయితే ఆవిడకి తెలియనిది ఒకటి ఉంది. బుధవారం సాయంత్రం మేయరు ఫెర్నాన్ కుదేర్ కెఫేలో గ్లాసు పట్టుకుని, జిల్లావాళ్ళు పంపిన కాగితాలు మొట్టమొదటిసారి చివరిదాకా చదివాడు.

"ఒక కట్టడాన్ని రక్షితం అన్నారంటే, దాని చుట్టూ ఐదు వందల మీటర్ల దాకా కిటికీ తలుపులకి రంగు వెయ్యాలన్నా వాళ్ళని అడగాల్సిందేనట," అన్నాడు.

ఎస్త్రెలాక్ ఈ కొస నుంచి ఆ కొసకి నాలుగు వందల మీటర్లు.

"మా కిటికీ తలుపులు నీలం," అన్నాడు డిసెంబరువాళ్ళ గోతియే. ఆయన రిటైరైన మాంసం కొట్టు యజమాని. "మా నాన్న నీలమే వేశాడు, మా తాతా నీలమే. దానికి నేను పోయి ఎవడినో బతిమాలాలా?"

"మఠం చుట్టూ అన్నారయ్యా, నీ చుట్టూ కాదు," అంది మిరెయ్.

"మరి మఠం రాయి నా ఇంట్లో ఉంటే? అప్పుడు నా ఇల్లూ మఠమేగా? రేపు నా వంటింట్లో కుండ జరపాలన్నా కాగితం పెట్టుకోమంటారు!"

అందరూ గ్లాసులు ఖాళీ చేసి ఇళ్ళకి పోయారు. ఇలాంటి నిర్ణయాలకి మా ఊళ్ళో మీటింగులు అక్కర్లేదు. తెల్లవారి సొలాంజ్ కాఫీ తాగుతున్న వేళకి పన్నెండు నెలల్లో ఒక్కటి కూడా తన చోట్లో లేదు.

ఎక్కడ దాచారంటే, కాలువలో. ఊరి కింద సన్యాసులు తవ్వించిన రాతి కాలువ ఒకటి ఉంది, పైన కమాను కప్పుతో. వాగు నీళ్ళు ఒక పక్క నుంచి వచ్చి, మఠం వంటశాల, పిండిమర, మరుగుదొడ్లు తిరిగి, మళ్ళీ వాగులో కలిసేలా కట్టారు. ఇళ్ళు తర్వాత దాని మీద లేచాయి. ప్రతి దొడ్లో దానికొక మూతరాయి ఉంది. ఇళ్ళలో వాడిన నీళ్ళన్నీ అందులోకే పోతాయి గానీ ఆ సంగతి ప్రభుత్వంవాళ్ళ దగ్గర ఎవరూ పెదవి విప్పరు. లోపల రెండు వైపులా పొడి అరుగు ఉంటుంది, మండువేసవిలోనూ చల్లగా. పై ఇళ్ళవాళ్ళు అక్కడ వెన్న పెట్టుకుంటారు. కింది ఇళ్ళవాళ్ళు పెట్టుకోరు.

పది కావడానికి ఇరవై నిమిషాలు ఉందనగా మఠం గేటు ముందు బూడిదరంగు కారు ఆగింది. నెరిసిన జుట్టు, టై, చేతిలో తోలు సంచీతో ఒకాయన దిగాడు.

"నమస్కారం మేడమ్. నా పేరు తియెబో. జిల్లా నుంచి..."

"తెలుసు, తెలుసు! రండి, మీ కోసమే చూస్తున్నాను," అంది సొలాంజ్.

పాపం తియెబోది నీటి శాఖ. ఇంటింటికీ తిరిగి సెప్టిక్ ట్యాంకులు సరిగ్గా ఉన్నాయో లేదో చూడడం ఆయన ఉద్యోగం. గురువారం వస్తున్నానని ఆయన నెల కిందటే మేయరుకి ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరాన్ని ఫెర్నాన్ నోటీసు బోర్డుకి అంటించి, దాని మీద చేపల పోటీ పోస్టరు అంటించాడు. ఇక తియెబో జాబితాలో మొదటి చిరునామా మఠమే.

"అభ్యంతరం లేకపోతే ముందు మరుగుదొడ్డితో మొదలుపెడదామా?" అన్నాడాయన.

సొలాంజ్ మొహం వెలిగిపోయింది. "ఎంత బాగా అడిగారు! అందరూ గంటగోపురం అంటారు. తెలిసినవాళ్ళే ఇది అడుగుతారు."

పడకశాల చివర గోడలో వరసగా ఉన్న రాతి గూళ్ళ దగ్గరికి తీసుకెళ్ళింది. తియెబో కళ్ళజోడు సర్దుకుని కాగితం తీశాడు.

"ఎంతమంది వాడతారు?"

"అరవై మంది. ఈస్టరుకి ఇంకో ఇరవై మంది ఎక్కువ."

"అరవై మందా!" అని రాసుకున్నాడు. "ఆఖరుసారి ఎప్పుడు శుభ్రం చేయించారు?"

"పదిహేడు వందల తొంభై ఒకటిలో."

పెన్ను ఆగిపోయింది. "అప్పటి నుంచీ...?"

"అప్పటి నుంచీ ఎవరూ వేలు పెట్టలేదండి. అంతా అసలుదే!" అంది సొలాంజ్ గర్వంగా.

"మరి... వాసన ఇబ్బంది లేదా?"

"కాసేపు కళ్ళు మూసుకుని నిలబడండి. మీకే తెలుస్తుంది."

తియెబో ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇరవై ఎనిమిదేళ్ళ ఉద్యోగంలో ఇంత నిర్భయంగా నేరం ఒప్పుకున్న మనిషి ఆయనకి తగలలేదు.

సరిగ్గా అదే సమయానికి ఊరి కింది కొసన, వాగు ఒడ్డునుంచి, ఒక ఆడమనిషి పైకి ఎక్కి వస్తోంది. మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు, బూట్ల నిండా బురద, నెత్తిన హెల్మెట్, దానికి దీపం. పురావస్తు శాఖ ఇన్‌స్పెక్టరు అగాత్ రూస్లో అంటే ఈవిడే. మఠాలు ఎక్కడున్నా గేటులోంచి వెళ్ళే అలవాటు ఆవిడకి లేదు. నీళ్ళు బయటికి వచ్చే చోటు వెతుక్కుని అక్కడ మొదలుపెడుతుంది. ఎదురైన మొదటి ఇంటి దొడ్లో ఎనభై ఎనిమిదేళ్ళ లెఓంతిన్ కోళ్ళకి గింజలు వేస్తోంది.

"అవ్వా, మీ ఇంటి నీళ్ళు ఎటు పోతాయి?"

నీటి శాఖ ఇంటింటికీ పంపిన కార్డు చదివింది ఊళ్ళో లెఓంతిన్ ఒక్కతే. గింజల గిన్నె కింద పెట్టి గోడ దగ్గరికి పరిగెత్తింది.

"ఒరే గోతియే! మరుగుదొడ్ల ఇన్‌స్పెక్టరమ్మ దిగింది రా!"

గోతియే గోడ మీంచి తొంగి చూశాడు. బూట్లు చూడగానే ఆయనకి ప్రాణం లేచొచ్చింది.

"ఈవిడే కదా, రానీ," అన్నాడు గొంతు తగ్గించి. "ఈవిడకి రాళ్ళ గోల ఎందుకు? అడిగినవన్నీ చూపించెయ్, కాలువ మాత్రం వాననీళ్ళదని చెప్పు. దాచామనుకుంటే ఇక్కడే తిష్ట వేస్తుంది, అటు నుంచి మఠం దగ్గర దిగిన ఆ టై ఆయన వచ్చిపడతాడు. వచ్చి మూత నేనే తీస్తాలే."

మూతరాయి పక్కకి జరిపారు. అగాత్ దీపం వెలిగించుకుని లోపలికి దిగింది. దిగి, చాలాసేపు కమాను కప్పునే చూస్తూ ఉండిపోయింది. తర్వాత అరుగు మీద మూట కనిపించింది.

"ఇదేమిటి అవ్వా?"

"బట్టలమ్మా."

"ఇంత బరువా?"

"తడిశాయి."

అగాత్ మూట కొస విప్పింది. కొడవలి పట్టిన చెయ్యి, దాని కింద వంగిన గడ్డి. మళ్ళీ పసిబిడ్డకి కప్పినట్టు జాగ్రత్తగా కప్పి పైకి వచ్చింది.

"మంచి బట్టలు," అని పుస్తకంలో ఏదో రాసుకుని పక్కింటికి నడిచింది.

దొడ్ల ఇన్‌స్పెక్టరమ్మ మంచిది, ఏదీ పట్టించుకోదు అన్న కబురు ఆవిడకంటే ముందే ఊరెక్కింది. ప్రతి ఇంట్లో మూత ముందే తీసిపెట్టి ఉంది. గోతియే దొడ్లో మూట పెద్దది, అంచున అల్లికపని చేసిన పెళ్ళి దుప్పటి చుట్టి ఉంది.

"ఇవి కూడా తడిబట్టలేనా?"

"అబ్బే, పందిమాంసం. చల్లగా ఉంటుందని పెట్టాను." ఆ ఒక్క అబద్ధంలో కాస్త నిజం ఉంది.

ఆవిడ వస్తోందని విని మేయరు ఫెర్నాన్ ఇంటికి పరిగెత్తి, ఎదురుగా నిలబడ్డాడు. ఆయన మూట మూడు రంగుల్లో ఉంది. జాతీయ జెండా.

"ఇది?"

"పాత ఫైళ్ళండి. మునిసిపాలిటీవి."

"మురుగు కాలువలో పెడతారా?"

"ఎవరూ అడగని ఫైళ్ళు," అన్నాడు ఫెర్నాన్ చెమట తుడుచుకుంటూ.

పదకొండు కొట్టగానే సొలాంజ్ తన టై మనిషిని తీసుకుని ఊళ్ళోకి వచ్చింది. మొదటి మజిలీ కెఫే. "ఇక తల ఎత్తి చూడండి!" అని గూటివైపు చెయ్యి చూపించింది. గూట్లో పూలకుండీ ఉంది.

"అందమైన పూలు," అన్నాడు తియెబో.

"మిరెయ్! జనవరి ఏదే?"

మిరెయ్ గ్లాసు తుడుస్తూ తల ఎత్తలేదు. "జనవరా? ఇంకా సెప్టెంబరేగా టీచరమ్మా. అక్కడెప్పుడూ పూలకుండీయే ఉంటుంది."

ఈ మిరెయ్‌కి ఎక్కాలు నేర్పింది సొలాంజే. ఫిబ్రవరివాళ్ళింటికి వెళ్ళింది. అక్కడ నీళ్ళ తొట్టి. మార్చివాళ్ళ అరుగు చోట గోనెసంచులు. ఏప్రిల్‌వాళ్ళు తలుపే తియ్యలేదు. ఒక్కో ఇంటికి ఏడున్నర నిమిషాలు పెట్టుకున్న మనిషికి అర నిమిషంలో పని తేలిపోతోంది. పక్కన టై ఆయన మర్యాదగా ప్రతి ఖాళీ చోటూ చూసి తల ఊపుతున్నాడు. మే నెలవాళ్ళ గుమ్మం దగ్గరికి వచ్చేసరికి అక్కడా ఖాళీ చోటే. మెట్టు మీద కూలబడింది.

ఇనుప కంచె ఆవిడ కళ్ళముందు కనిపిస్తోంది. అయినా కంచె కంటే ఎక్కువగా బాధించినది వేరే. వీళ్ళందరినీ చిన్నప్పుడు చెయ్యి పట్టుకుని మఠానికి తీసుకెళ్ళి, ఇది మీది అని చెప్పింది తనే. ఇరవై రెండేళ్ళు ఒక్కదాన్నే ఈ మఠాన్ని ప్రేమించానన్నమాట అనుకుంది, అనుకుని ఏడ్చేసింది.

తియెబో మంచివాడు. జేబురుమాలు తీసి ఇచ్చాడు.

"ఏడవకండి మేడమ్. ఇన్ని ఇళ్ళున్నాయి, ఒక్క ఇంట్లో సెప్టిక్ ట్యాంకు చూపించండి చాలు. రిపోర్టు నాకు చేతనైనంత మెత్తగా రాస్తాను."

సొలాంజ్ ముక్కు తుడుచుకోవడం మానేసి ఆయన వంక చూసింది.

"సెప్టిక్ ట్యాంకా?"

ఆయన ఎవరో, పొరపాటు ఎక్కడ జరిగిందో పూర్తిగా తేలేసరికి పన్నెండున్నర గంట మోగింది. ఆ గంట తర్వాత మా ఊళ్ళో ప్రభుత్వం పడిపోయినా భోజనం అయ్యాకే మాట్లాడతారు. పన్నెండిళ్ళ జనమూ అప్పటికే కెఫేలో చేరారు. మధ్యలో బురద బూట్ల మనిషిని కూర్చోబెట్టి, సాసేజీలూ మసూరు పప్పూ కొసరి కొసరి వడ్డిస్తున్నారు. ఇంత మంచి ఇన్‌స్పెక్టరమ్మని ఆకలితో పంపడం ఎవరికీ ఇష్టం లేదు. సొలాంజ్ తలుపు తోసుకుని వచ్చింది, వెనకాల తియెబో.

"ఎవర్రా మీకు బుద్ధి చెప్పేది! మీరు నెలలన్నీ దాచేసింది ఎవరి నుంచో తెలుసా? ఈయన సెప్టిక్ ట్యాంకుల ఇన్‌స్పెక్టరు!"

తలలన్నీ మెల్లగా బురద బూట్లవైపు తిరిగాయి.

"అయితే ఈవిడ...?" అన్నాడు గోతియే.

అగాత్ మూతి తుడుచుకుని పుస్తకం తీసింది. "పురావస్తు శాఖ," అని చదవడం మొదలుపెట్టింది. "జూన్, తడిబట్టలు. డిసెంబరు, పందిమాంసం. అక్టోబరు, జెండాలో చుట్టిన పాత ఫైళ్ళు. జనవరి, మిరెయ్ గారు బంగాళాదుంపలన్నారు. ఆగస్టు, చనిపోయిన కుక్క. అది చెప్పినవారు కళ్ళనీళ్ళు కూడా పెట్టుకున్నారు."

లెఓంతిన్ కుర్చీలోంచి లేచింది.

"మా జూన్‌కి దెబ్బ తగల్లేదమ్మా. మా అమ్మమ్మ దుప్పటి చుట్టాను. అడుగున దిండు కూడా వేశాను."

"చూశానవ్వా," అంది అగాత్. "పద్దెనిమిదేళ్ళుగా ఇదే పని చేస్తున్నాను. మఠాల రాళ్ళని కార్ల షెడ్లలో చూశాను, చెత్తకుప్పల్లో చూశాను. మ్యూజియంవాళ్ళే నాకు గోనెగుడ్డల్లో చుట్టి పంపుతారు. పెళ్ళి దుప్పట్లు చుట్టి, కింద దిండు పెట్టి దాచిన ఊరు ఎక్కడా తగల్లేదు. ఇక ఆ కాలువ! ఎనిమిది వందల ఏళ్ళు. నాలుగు వందల మీటర్లు. కమానులో ఒక్క రాయి జారలేదు. మీకు తెలుసా, ఇంత నిండుగా మిగిలిన కాలువని నేను బొమ్మల్లోనే చూశాను!"

సొలాంజ్ కుర్చీలో కూర్చుండిపోయింది. కోపం అలాగే ఉంది గానీ, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"ఒరే ఫెర్నాన్, జెండాలో చుట్టావట్రా?"

"ఇంట్లో అంతకంటే మంచి గుడ్డ లేదు టీచర్," అన్నాడు మేయరు, నేల చూస్తూ.

ఆ మాటకి ఆవిడ మళ్ళీ ఏడ్చింది. ఈసారి సంతోషంతో. ప్రేమించింది తనొక్కతే కాదని ఇప్పటికి తెలిసింది. కాకపోతే వీళ్ళ ప్రేమకి దాచుకునే రోగం ఉంది.

గోతియే మాత్రం అసలు విషయం మర్చిపోలేదు. "మరి మేడమ్, మా కిటికీ తలుపులు నీలం..."

"ఏ నీలం?" అంది అగాత్.

ఆవిడ కిటికీలోంచి గోతియే ఇంటివైపు తీరిగ్గా చూసింది. "బాగుంది. ఉంచండి."

గోతియే స్వయంగా లేచి అందరికీ వైను పోశాడు. అంతా ఒక్కసారి మాట్లాడడం మొదలుపెట్టారు. సన్యాసులెంత గొప్పవాళ్ళు, కాలువ ఎంత గట్టిది, వరదల ఏడాది కూడా చుక్క నీరు పొంగలేదు అని. ఆ సందట్లో మూలన కూర్చున్న తియెబో చెయ్యి ఎత్తి, పసిపిల్లాడిలా అడిగాడు.

"అయితే అందరి ఇళ్ళ నీళ్ళూ ఆ కాలువలోకేనా పోయేది?"

"అవును!" అంది ఊరంతా ఒక్క గొంతుతో. నూటయాభై ఏళ్ళుగా ఎవరికీ చెప్పని రహస్యం అలా బయటపడింది. తియెబో థాంక్స్ చెప్పి రాసుకున్నాడు.

క్రిస్మస్‌కి ముందు పురావస్తు శాఖ ఉత్తరం వచ్చింది. మఠం, ఉన్నచోటనే ఉండేలా పన్నెండు నెలరాళ్ళు, ఈ కొస నుంచి ఆ కొస దాకా కాలువ, మొత్తం రక్షిత కట్టడం. పైకప్పు పగులు ప్రభుత్వమే పూడుస్తుంది. తాళంచెవి శ్రీమతి సొలాంజ్ బెర్తోమియే దగ్గరే ఉంటుంది. ఆవిడ దాన్ని గేటు దగ్గర నిలబడి మూడుసార్లు చదువుకుంది. ఆ రోజు మఠం తొమ్మిదీ పదికి తెరుచుకుంది. ఇరవై రెండేళ్ళలో ఆలస్యం అదొక్కటే.

వారం తర్వాత తియెబో ఉత్తరం వచ్చింది. మాట ఇచ్చినట్టే మెత్తగా రాశాడు. ప్రతి ఇల్లూ ఏడాదిలోపల కాలువలోకి నీళ్ళు వదలడం మాని, దొడ్లో సెప్టిక్ ట్యాంకు తవ్వించుకోవాలి. తవ్వడానికి అనుమతి ఇమ్మని ఫెర్నాన్ పురావస్తు శాఖకి రాశాడు. రక్షిత కాలువ పక్కన ఎక్కడ తవ్వవచ్చో ముందు నీటి శాఖ తేల్చాలని వాళ్ళన్నారు. పురావస్తు శాఖ ఒప్పుకోనిదే తేల్చడం కుదరదని వీళ్ళన్నారు.

రెండు శాఖలూ మూడేళ్ళుగా ఎంతో మర్యాదగా ఉత్తరాలు రాసుకుంటున్నాయి. ఊరి నీళ్ళు మాత్రం సన్యాసులు చెప్పిన దారినే పోతున్నాయి.